సలుపు లేని పుండు

కదలకుండా పడుకో బుజ్జీ, చెప్తాను. అనగనగా ఊరికి ఆవల, రాళ్ళగుట్ట కింద ఒక గొర్రెల మంద. ఆ మందను మాళమ్మ, ఆమె మొగుడు లింగప్ప, మరిది ఈరన్న మేపుకునేవాళ్ళు.

ఒకరోజు మేస్తూ మేస్తూ ఒక గొర్రె ఉన్నట్టుండి కూలబడి చచ్చిపోయింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారింది. తోలైనా దక్కుతుందని లింగప్ప దాన్ని వలిచాడు. మాళమ్మ గొర్రె కాళ్ళు పట్టుకుంది. ఆమె మణికట్టు మీద అంతకుముందే కంపముల్లు గీరుకుని ఉంది.

ఆ తర్వాత ఆ గీత మీద దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. అప్పుడది నీటిపొక్కు అయింది. ఆ తర్వాత పొక్కు పగిలి, మధ్యలో బొగ్గులా నల్లబడింది. చెయ్యి మోచేతి దాకా వాచింది. అయినా చీము లేదు, సలుపు లేదు.

నొప్పి లేనిదానికి బెంగెందుకన్నాడు లింగప్ప. మాళమ్మకి మాత్రం కాలు నిలవలేదు. చిన్న ముల్లు దిగితేనే ప్రాణం తోడేస్తుంది కదా, ఇంత పుండుకి ఉలుకూ పలుకూ లేదేమిటని. సంగటి కలుపుతుంది, తినదు. కూర్చుంటుంది, లేస్తుంది. చివరికి బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయింది.

అక్కడ హసీనా అని ఒక డాక్టరమ్మ. పుండు చూసి, మీ మందలో ఏదైనా చచ్చిందా అని అడిగింది. మాళమ్మ చెప్పింది. అప్పుడు డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఇది దొమ్మరోగం అమ్మా, ఆంత్రాక్స్ అంటారు. చచ్చిన గొర్రె నెత్తుట్లోంచి నీ చేతి గీతలోకి దిగింది. మన నెత్తుట్లో కాపలా కణాలుంటాయి. ఒంట్లోకి క్రిమి వస్తే అవి పరిగెత్తుకొచ్చి కలబడతాయి. చీము పట్టేది అందుకే. ఈ క్రిమి విషం కక్కి ఆ కాపలానే చంపేస్తుంది. నొప్పి కూడా తెలియనివ్వదు."

ఆసుపత్రిలోనే ఉంచి సూదిమందు వేశారు. అయినా వాపు మోచెయ్యి దాటి పైకి పాకింది. మందు పని చెయ్యలేదా అని మాళమ్మ అడిగింది. మందు క్రిమిని చంపుతుంది కానీ, అది ముందే కక్కిన విషం విరగడానికి టైం పడుతుందనీ, ఈలోపు ఎముకల మూలుగలోంచి కొత్త కణాలు పుట్టుకొస్తాయనీ డాక్టరమ్మ చెప్పింది. మాళమ్మ అటు పొర్లింది, ఇటు పొర్లింది. అచ్చం ఇప్పుడు నువ్వు పొర్లుతున్నట్టే.

అప్పుడు లింగప్ప వచ్చాడు. పొద్దున ఇంకో గొర్రె పోయిందనీ, ఈరన్న సాయంత్రం కోసి ఇంట్లో పిల్లలకీ పెద్దలకీ వండిస్తానన్నాడనీ చెప్పాడు. మాళమ్మ మంచం దిగబోయింది. నర్సు ఆపింది. అప్పుడామె వాచిన చెయ్యి మొగుడి కళ్ళ ముందు పెట్టింది.

"నా సంగతి వదిలెయ్. ఇది పిల్లల కడుపులోకి పోతే ఎవరు తీస్తారయ్యా?"

లింగప్ప తిరుగు బస్సెక్కాడు. డాక్టరమ్మ పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది.

అతను వెళ్ళేసరికి ఈరన్న కత్తి నూరుతున్నాడు, పొయ్యి రాజేసి ఉంది. ఆసుపత్రిలో విన్న కణాల సంగతి లింగప్పకి చెప్పడం చేతకాలేదు. గొర్రెకి అడ్డంగా నిలబడి, మీ వదిన చెయ్యి నల్లబడిందిరా అన్నాడు. ఈరన్న కత్తి కింద పెట్టాడు. పశువుల డాక్టరొచ్చి, లోతుగా గొయ్యి తీయించి, గొర్రెని కోయకుండానే సున్నం పోసి పూడ్పించాడు. మిగతా మందకి టీకాలేశాడు.

ఇవేవీ మాళమ్మకి తెలియవు. కిటికీలోంచి బస్సుల వంకే చూస్తోంది. వాపు తగ్గుతోందని డాక్టరమ్మ చెప్పినా వినిపించుకోలేదు.

మర్నాడు లింగప్ప వచ్చాడు. ఎవరూ తినలేదని చెప్పాడు. మాళమ్మ అతని రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుని, అరచేతులు తిప్పి, ఒక్కో వేలూ, వేళ్ళ సందులూ వెతికింది. ఎక్కడా గీత లేదు. అప్పుడు, ఆ చేతులు పట్టుకునే నిద్రపోయింది.

కథ కంచికి చేరింది,
మంద మేతకి చేరింది,
కునుకు నీ కంటికి చేరింది,
బుజ్జి నా పక్కకి చేరింది.