చినుకు గుండెలో తలుపు

పిల్లలూ, సూటిగా అడుగుతున్నా, చెప్పండి: మీరు ముక్కు మూసుకుని తరిమినవాళ్లే రేపు మీ ప్రాణం నిలబెడితే, ఏ ముఖం పెట్టుకుని వాళ్ల ఎదుట నిలబడతారు?

అనగనగా పొగమంచులో తేలుతున్నట్టుండే ఒక అడవి. అందులో గోగి అనే లేడి. దాని కూన చినుకు. నాలుగు గంతులేస్తే చాలు, చినుకు పెదవులు నేరేడుపళ్లలా నీలమయ్యేవి.

ఆకులు కుట్టే దర్జీపిట్టే ఆ అడవికి వైద్యురాలు. చినుకు ఛాతీకి చెవి ఆనించి అంది: "గోగీ, గుండెలో ఓ తలుపుంటుంది. నెత్తురు ముందుకు పోగానే మూసుకోవాలి. దీనికి పుట్టుకతోనే ఆ తలుపు సరిగా లేదు. వానలు పడేలోపే వేరేది కుట్టాలి."

"ఎవరిస్తారమ్మా?"

"అడవిపంది గుండె తలుపైతే చక్కగా అతుకుతుంది."

గోగి ఉలిక్కిపడింది. మొన్ననేగా తాను, ముసలి అడవిపంది బురదవ్వను "నీ కంపు మా మడుగులో కలపకు, ఫో!" అని తరిమింది! పైగా మందలో ఒక కట్టుబాటు. ఉప్పురాయి దగ్గర పెద్దకొమ్ముల తాత ప్రతి కూననూ వాసన చూస్తాడు. పరాయి వాసన తగిలితే ఉప్పు నాకనివ్వడు, ఇక మందలో చోటు లేదు.

పంది గుండె తలుపు పెట్టించనా అని తాతను అడిగింది. "పంది ముక్కా? ఛీ!" అన్నాడు. అక్కచెల్లెళ్లను తోడు రమ్మని అడిగింది. తోకలు తిప్పుకుంటూ వెళ్లిపోయారు. మూడోసారి అడగబోయి, చినుకు నీలి పెదవులు చూసింది. ఇక ఎవరినీ అడగలేదు. నేరుగా బురదవ్వ దగ్గరికి నడిచింది.

బురదవ్వ ఆఖరి ఊపిరిలో ఉంది. "ఏమ్మా, ఈ బురద కూడా మీదేనా? ఇక్కణ్ణించీ లేవమంటావా?" అని నవ్వింది.

గోగి తల దించుకుంది. "తప్పయిందవ్వా. నా బిడ్డకు..."

"పిట్ట చెప్పిందిలే. పొద్దుగూకేసరికి నేను మట్టిని. మట్టికి గుండెతో పనేముంది? తీసుకోండి. భయపడకు, బురదంతా నా ఒంటికే. లోపల ఎప్పుడూ లేదు."

అన్నట్టే అవ్వ కన్నుమూసింది. పిట్ట ఆ తలుపును కుళ్లకుండా తంగేడు చెక్క కషాయంలో నానబెట్టింది. ఇప్పపూల మత్తులో చినుకును నిద్రపుచ్చి, సాలెదారంతో కుట్టింది. మూడు రోజులు అడవంతా ఊపిరి బిగబట్టినట్టు మంచు కదల్లేదు. నాలుగో పొద్దున చినుకు కళ్లు తెరిచింది. పెదవులు మోదుగుపూలు!

ఉప్పురాయి దగ్గర తాత ముక్కు చిట్లించాడు. "పంది వాసన!"

"ముక్కు పక్కన పెట్టి చెవి ఆనించు తాతా," అంది గోగి. "నీ కట్టుబాటే గెలిచుంటే ఈ చప్పుడు ఆగేది. ఇప్పుడు ఆపమంటావా? చెప్పు!"

తాత చెవి ఆనించాడు. టప్... టప్... టప్. చాలాసేపు విన్నాడు. పక్కకు జరిగి, ఉప్పురాయి చూపించాడు.

చినుకు మాత్రం ఉప్పు నాకలేదు. గంతులేసుకుంటూ పోయి, అవ్వ బురదలో పొర్లి వచ్చింది. గోగి దాన్ని దగ్గరికి తీసుకుంది. ఆ బురదను మాత్రం నాకి తుడవలేదు.

నీతి: మనం అంటరాదన్నవాళ్ల దగ్గరే మన ప్రాణం ఉండొచ్చు, అందుకే ఇవాళే లేచి వెళ్లండి, మీరు దూరం పెట్టినవాళ్ల పక్కన కూర్చోండి.