నరసమ్మ ముఖంలో పదకొండు చుక్కలు

హిమజకు కావలసింది వేలెడంత చోటు. ఈసారి అది దొరికినట్టే ఉంది.

కామేశ్వరాచారిగారి బొమ్మల గదిలో ఒక పద్ధతి ఉంది. పెన్సిల్‌తో బొమ్మ ఆయన వేస్తారు. దాని మీద సిరా గీతలు, రంగులు శిష్యుల పని. చివరి మెరుగులు మళ్ళీ ఆయనవే. పుస్తకం మీద పేరు మాత్రం ఆయనదొక్కటే ఉంటుంది. శిష్యుల్లో ఎవరైనా తన పక్కన నిలబడగలరని అనిపిస్తే, మొదటి పేజీలో తన పేరు కింద కొంచెం చోటు వదులుతారు. నోటితో ఏమీ చెప్పరు. నలభై ఏళ్లలో అలా వదిలింది రెండే సార్లు.

ఇప్పుడు మొదటి పేజీ షీటు మీద ఆయన పేరు కింద వేలెడంత ఖాళీ ఉంది. హిమజ చూసింది. చూడనట్టు ఊరుకుంది.

విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివి, పతకం తెచ్చుకుని, రాజమండ్రిలో ఈ గదికి వచ్చి మూడేళ్లయింది. తన సిరా గీత వంక పెట్టలేనిదని ఆమెకు తెలుసు. పైగా స్కానరు, కంప్యూటరు పని గదిలో ఆమెకొక్కదానికే వచ్చు. గురువుగారికి డెబ్బై ఆరు. టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ సాసర్లోకి వస్తుంది.

పుస్తకం పిల్లలది. గోదావరి మీద పడవ నడిపే నరసమ్మ కథ. ముప్పై రెండు బొమ్మలు. ఆ సాయంత్రం ఆరింటికల్లా ప్రెస్సుకు పంపాలి.

పొద్దున్నే హిమజ బొమ్మలన్నీ స్కాన్ చేసింది. పెద్దవి చేసి చూస్తే ఎక్కడ చూసినా చుక్కలు. కాగితపు నలుసులు, రబ్బరు పొట్టు, సిరా తుంపరలు. కంప్యూటర్లో దుమ్ము తీసే ఏర్పాటు ఉంది. ముప్పై రెండింటికీ ఒకేసారి పెట్టింది. అరగంటలో అన్నీ శుభ్రం. వాటిని దాచి, పాతవి తీసేసి, నమూనాగా నాలుగు పబ్లిషర్‌కి పంపింది.

ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మా, అద్దంలా ఉన్నాయి! ఆచారిగారి పుస్తకం ఇంత శుభ్రంగా రావడం ఇదే మొదలు."

ఆ మాట గురువుగారికి కూడా వినబడేలా హిమజ ఫోను కొంచెం దూరంగా పట్టుకుంది.

భోజనం చేసి వచ్చి ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఒక బొమ్మ చూశారు. ఇంకొకటి చూశారు.

"ఈవిడెవరు?"

"నరసమ్మే కదండీ."

"పడవ నరసమ్మదే. చీర నరసమ్మదే. మొహం ఎవరిది?"

"మీరు వేసిందేనండీ. నేను కొంచెం శుభ్రం చేశానంతే. బుగ్గల మీద చుక్కలు పడితే తీసేశాను."

"ఎందుకు పడ్డాయనుకున్నావు?"

హిమజకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "మీ చెయ్యి వణికి బ్రష్‌లోంచి సిరా చిందిందనుకున్నాను గురువుగారూ."

ఆయన కోప్పడలేదు. "స్ఫోటకం మచ్చలమ్మాయ్ అవి," అన్నారు.

"కథలో ఆ మాట లేదండీ."

"కథలో పడవకి రంగు కూడా లేదు. నువ్వు నీలం వేశావు. అడిగానా?"



ఆయన లేచి, బల్ల మీది బొమ్మల దొంతరలోంచి పైదాన్ని తీశారు. కిటికీ వెలుగులోకి పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, ఒక్కసారి గట్టిగా ఊదారు. రబ్బరు పొట్టు లేచి కిటికీ చువ్వల మీద వాలింది. ఆ షీటు ఆమె చేతికిచ్చారు. నరసమ్మ బుగ్గల మీద చుక్కలు అలాగే ఉన్నాయి.

"ఊదితే పోయేది దుమ్ము," అన్నారు. "పోనిది నాది."

పడక్కుర్చీలోకి వెళ్లి పేపరు తెరిచారు.

రెండయింది. హిమజ స్కానరు అద్దం తుడిచింది. మొదటి బొమ్మ తీసి ఊదింది. అద్దం మీద బోర్లించింది. తెర మీదికి వచ్చినదాన్ని పెద్దది చేసి చూసింది. ఈసారి ఏమీ ముట్టుకోలేదు.

అయిదో బొమ్మ దగ్గర ఆమెకు అనుమానం వచ్చి లెక్కపెట్టింది. ఎడమ బుగ్గ మీద ఏడు, కుడి బుగ్గ మీద మూడు, గడ్డం మీద ఒకటి. ఆరో బొమ్మలోనూ అంతే. పన్నెండో బొమ్మలో నరసమ్మ నవ్వుతోంది. నవ్వు మడతలో రెండు చుక్కలు దగ్గరికి జరిగాయి. ఇరవయ్యో బొమ్మలో వాన. తడిసిన జుట్టు చెంపకు అంటుకుని మూడు మచ్చలను కప్పేసింది. ఇరవై ఒకటిలో ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది. ఆ మూడూ ఉన్న చోటనే ఉన్నాయి.

ఆవగింజలో నాలుగో వంతు ఉండవు ఒక్కొక్కటీ.

హిమజ తల తిప్పి చూసింది. పడక్కుర్చీలో గురువుగారి చేతుల్లో పేపరు సన్నగా అదురుతోంది.

"గురువుగారూ, అన్నీ పదకొండే."

"పన్నెండో మచ్చ ఆవిడకి లేదు," అన్నారు పేపరు దించకుండా.

అయిదుంబావుకి ముప్పై రెండూ అయ్యాయి. మిగిలింది మొదటి పేజీ షీటు. హిమజ దాన్ని తీసింది. ఊదింది. ఆయన పేరు కింద ఆ ఖాళీ అలాగే ఉంది. ఇప్పుడది వేలెడంత కాదు, మైదానమంత కనబడింది.

"ఈ చోటు తగ్గించమంటారా? మీ పేరు కాస్త కిందికి జరిపితే సరిపోతుంది."

"కంప్యూటర్లో జరుపుతావా?"

"జరపొచ్చండీ."

"నా పేరు నేనెక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది." ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "దాని కింద నీ పేరు రాయి. ఆరింటికి ప్రెస్సు వాళ్లు కూచుని ఉంటారు."

హిమజ కదల్లేదు.

"ఏం, మర్చిపోయావా పేరు?"

ఆమె బ్రష్ తీసింది. సిరాలో ముంచి, సీసా అంచుకు ఒత్తి, మొనను కాగితం మీద తేల్చి చూసుకుంది. హి రాసింది. మ రాసింది. జ చివరి మెలిక తిప్పి బ్రష్ ఎత్తుతుంటే చెయ్యి అదిరింది. మూడేళ్లలో ఎన్నడూ అదరని చెయ్యి. పేరు పక్కన ఒక సిరా బొట్టు పడింది. నల్లగా, గుండ్రంగా, ఎవరికైనా కనబడేటంత.

హిమజ నాలుక కరుచుకుంది. తెల్లరంగు సీసా కోసం చెయ్యి చాచింది.

"ఆరనియ్యి," అన్నారు ఆచారిగారు. ఎప్పుడు లేచి వచ్చారో, ఆమె వెనకే నిలబడి ఉన్నారు.

ఇద్దరూ ఆ చుక్కను చూస్తూ ఉన్నారు. మెరుపు పోయింది. ఆరింది.

"ఊదు."

ఊదింది.

"పోయిందా?"

"లేదండీ."

"అయితే స్కాన్ చెయ్యి."