మధ్యగోడ మీద ఆనుకున్నవాడు

“తెరగట్టె మాయబ్బ రెండు చీరలతోటి, దీపమెట్టె మాయమ్మ...”

ఆ పైన ముక్క హనుమక్కకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు తోలుబొమ్మలాటకు ముందు వాళ్ళ మేళమంతా కలిసి పాడే పాట అది. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని, పోయిన ముక్క కోసం మొదటి ముక్క చుట్టూనే తిరుగుతోంది. పడుకున్నంతసేపూ పాట హాయిగా వస్తుంది. లేచి కూర్చుంటే చాలు, రెండు మాటలకే రొప్పు, పెదాలు నీలం.

అలాంటి జబ్బును ఎవరు నమ్ముతారు? “మా అత్తకు పొయ్యి కనపడితే ఆయాసం, పరుపు కనపడితే నయం!” అని కోడలు రేణుక వార్డంతా నవ్వించింది. ఆయాసమంటే తలగడలు ఎత్తు పెట్టి కూర్చోబెట్టడం అక్కడి అలవాటు. కొత్త డాక్టరు సుదర్శన్ అదే చేయించాడు. తలగడ ఎత్తు పెరిగినకొద్దీ ముసలమ్మ గిలగిల్లాడింది. “ఇది భయం, అంతే” అని అతను తేల్చేశాడు. చివరికి హనుమక్కకే అనుమానమొచ్చింది, నేను నిజంగా సోమరిదాన్నేమోనని. ఆయాసంకన్నా ఆ అనుమానమే ఆమెను ఎక్కువ తినేసింది.

ఎదుటి గోడకు గుండె బొమ్మ ఒకటి వేలాడుతోంది. తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్న మనిషి కాబట్టి, కనపడిన ప్రతి అక్షరమూ ఆమెకు పండగే. కూడబలుక్కుని చదివింది: కుడి పై గది, ఎడమ పై గది, మధ్య గోడ. “గుండెలో ఇల్లు కట్టినారే!” అని మురిసిపోయింది.

పెద్ద డాక్టరమ్మ షహనాజ్ వచ్చి, ఆమె చేతి నరంలోకి సన్నటి బుడగలున్న ఉప్పునీళ్ళు ఎక్కించి, గుండెను తెర మీద చూపించింది. పడుకున్నప్పుడు తెల్లటి బుడగలు చాలామటుకు కుడి గదిలోనే మసిలాయి. కూర్చోబెట్టారో లేదో, పేలాలు చిట్లినట్టు ఎడమ గదిలోకి దూకాయి. ఊపిరితిత్తులకు పోయి శుభ్రపడాల్సిన రక్తం, దారి తప్పి ఒళ్ళంతటికీ పోయే మంచి రక్తంలో కలుస్తోందన్నమాట.

“అమ్మో, నా లోపల ఇంత జాతర జరుగుతాందా!” అంది హనుమక్క, రొప్పుతూనే.

సుదర్శన్ మొహం చిన్నబోయింది. అయినా అడగకుండా ఉండలేకపోయాడు. “మేడమ్, గోడలో ఈ సందు పుట్టినప్పటిదే కదా. ఇన్నేళ్ళు మూసుకునే ఉన్నది ఇప్పుడెందుకు తెరుచుకుంది? తెర మీద లావైనట్టు కనపడింది బృహద్ధమని. అది గుండెలోంచి బయటికి పోయే పెద్ద నాళం. దానికీ పై గదుల గోడకూ ఏం సంబంధం?”

షహనాజ్‌కు ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఆమె మంచం వైపు తిరిగింది. “ఇందాక పాడుతున్నావే అవ్వా, ఆ తెర ఎట్లా కట్టేవాళ్ళు?”

“ఒక చీర అంచు మీద ఇంకో చీర అంచు ఎక్కించి ఈతముళ్ళు గుచ్చేది తల్లీ. ఈ గుంజకూ ఆ గుంజకూ బిర్రుగా లాగి కట్టేది.”

డాక్టరమ్మ రెండు సెలైన్ స్టాండ్లు తెప్పించింది. వాటి మధ్య రెండు మందపాటి దుప్పట్లు, అంచు మీద అంచు ఎక్కించి, తానే లాగి కట్టింది. “ముళ్ళు వద్దు. చాలామందికి పుట్టాక గుండె గోడలో ఈ అంచులు అతుక్కుపోతాయి. అవ్వకు అతుక్కోలేదు. బిగువు మీదే నిలిచాయి.” కిటికీలు మూయించి, దుప్పట్ల వెనక టార్చి వెలిగించింది. ఇవతలికి చుక్క వెలుగు రాలేదు.

“సుదర్శన్, నువ్వే ఆ నాళానివి. స్టాండుకు ఆనుకుని నిలబడు. ఇంక లావెక్కు.”

“మేడమ్?”

“నీకదేమంత కష్టం కాదులే.”

నర్సులు కిసుక్కుమన్నారు. అతను సిగ్గుపడుతూ నడుముతో నెట్టాడు. స్టాండు లోపలికి ఒరిగింది, దుప్పట్లు వదులయ్యాయి, అంచుల మధ్య నోరు తెరుచుకుంది. వెలుగు జర్రున దూసుకొచ్చి హనుమక్క మొహం మీద పడింది.

“కారె! కారె! వెలుగు కారె!” పాటలో పోయిన ముక్క దొరికి, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ ఆమె లేచి కూర్చుంది. మరుక్షణమే మాట ఆగి, పెదాలు నల్లబడ్డాయి. షహనాజ్ ఒక్క ఉదుటున ఆమెను వెల్లకిలా పడుకోబెట్టింది. అందరూ చూస్తుండగానే రంగు తిరిగొచ్చింది.

“కూర్చుంటే... నాళం గోడ మీద ఇంకా ఒరుగుతుంది!” అన్నాడు సుదర్శన్. “మరి నేను తలగడలు...”

రేణుక ఎవరూ చెప్పకుండానే మంచం మీది తలగడలన్నీ తీసి పక్కన పెట్టింది.

తర్వాత తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి, గుండెలో ఆ సందుకు రెండువైపులా పట్టుకునే బిళ్ళ బిగించారు. మర్నాడు మంచం తల మెల్లగా పైకెత్తారు. హనుమక్క కూర్చుంది. ఊపిరి నిండుగా ఆడింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. రేణుక అత్త భుజం పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

హనుమక్క మాత్రం డాక్టరమ్మ కొంగు వదల్లేదు. “నిజం చెప్పు తల్లీ. నాది సోమరితనం కాదు గదా?”

షహనాజ్ శిష్యుడి వంక ఒకసారి చూసి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“గోడ వదులైందని తిట్టాం గానీ అవ్వా, దాని మీద ఎవరు ఆనుకున్నారో మేం చూడలేదు.”