ఏడో ఫొటో

హైమవతి డబ్బు తీసుకుని ఫొటోలు తియ్యడం అదే మొదటిసారి. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరిగే మనిషి. బందరులో కొత్తగా తెరవబోయే అరిటాకు భోజనాల హోటలాయన ఆమెను నమ్మి పని అప్పగించాడు. తీసిన ఫొటోలు ఇంటికొచ్చి చూసుకున్నాక ఆమెకి కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే వాటిని ఇంట్లోనే ప్రింటు తీసి పట్టుకుని మొహిద్దీన్ మాస్టారి ఇంటికి పరిగెత్తింది. ఆమెకి కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. స్టూడియో మూసేసి చాలా ఏళ్ళయింది.

"కెమెరా పాడైందేమో మాస్టారూ," అంటూ ఏడు ఫొటోలు బల్ల మీద వరసగా పరిచింది. "స్టాండు కదపలేదు. ఫ్యాను ఆపించాను. హాల్లో నేనొక్కదాన్నే."

మొదటి ఫొటోలో వడ్డించిన అరిటాకు నిండుగా ఉంది. రెండోదాంట్లో అన్నానికి ఒక పక్క గుంట పడింది. మూడోదాంట్లో గుత్తివంకాయ ఒకటి తక్కువ. అలా తగ్గుతూ వచ్చి, ఏడోదాంట్లో కలిపిన ముద్ద ఒకటి ఆకు అంచున ఉండిపోయింది. దాని మీద వేళ్ళ గుర్తులు.

"కెమెరా పక్కన పెట్టి చూస్తే ఆకు వడ్డించింది వడ్డించినట్టే ఉంది." ఆమె మొదటి ఫొటోని ముందుకు జరిపింది. "మొదటిది చాలా బాగా వచ్చింది. అదొక్కటి ఇచ్చేసి మిగతావి కెమెరాలోంచి చెరిపేస్తాను."

మాస్టారు ఏడో ఫొటోని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ముద్ద కలుపుకున్నవాళ్ళు తినకుండా ఎందుకు వదిలేశారమ్మా?"

ఆమె తల దించుకుంది.

"మెతుకు విడివిడిగా కనబడాలని అన్నం పలుకు మీదే దింపించాను. కూర నిగనిగలాడాలని గ్లిజరిన్ పూశాను. అది ఫొటోకి మాస్టారూ, తినడానికి కాదు."

"ఆకు వేశావు, వడ్డించావు. పిలిచినట్టే కదా," అన్నారాయన, చెప్పులు తొడుక్కుంటూ.

హోటల్లో వంటావిణ్ణి అడిగి మాస్టారు వేడన్నం, పప్పు, నెయ్యి, వంకాయ కూర తెప్పించారు. ఫొటోలు తీసిన బల్ల మీదే ఆకు పరిచి, నీళ్ళు చల్లి తుడిచి, హైమవతి చేత వడ్డింపించారు. ఖాళీ కుర్చీకి ఎదురుగా, స్టాండు మీదున్న కెమెరా పక్కన తను కూర్చున్నారు. తలుపులు మూసున్నాయి. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. లోపల చల్లగా ఉంది.

కాసేపటికి అన్నంలో చిన్న గుంట పడింది.

హైమవతి చెయ్యి కెమెరా మీదికి పోయింది. మాస్టారు తన అరచెయ్యి లెన్సుకి అడ్డం పెట్టారు.

కెమెరా లేకుండా చూడ్డం ఆమెకి కష్టమైంది. పారిపోదామనిపించింది. కానీ ఆకులో పప్పు అయిపోవస్తోంది. అది చూస్తూ ఊరుకోలేక ముందుకొచ్చింది. గరిటె కుర్చీ పక్కనించి చాచినప్పుడు, మోచేతికి ఎవరిదో ఊపిరి తగిలినట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇంకాస్త వేసుకోండి," అంది.

మారు వడ్డించింది. నెయ్యీ వేసింది.

ఎంతసేపైందో తెలీదు. ఆకు పైసగం మెల్లగా లేచి, కుర్చీ వైపుకి వంగి, కిందిసగం మీద మడత పడింది.

మాస్టారు లెన్సు మీంచి చెయ్యి తీసేశారు. హైమవతి కెమెరా వైపు చూడలేదు.

"చెయ్యి కడుక్కోడానికి నీళ్ళందించమ్మా," అన్నారాయన.