సున్నా దెబ్బల పైడయ్య

చింతాడ వాళ్ళింట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. తల్లి నూకాలమ్మ, ముగ్గురు కొడుకులు: పైడయ్య, అసిరయ్య, బంగారయ్య. "ఈ ఊరికి దేవుడు కుంచెడు తెలివి పంపితే, ముప్పాతిక మన గుమ్మంలోనే ఒలికిపోనాదిరా" అనేది నూకాలమ్మ. ఆ మాట విన్న రోజు నుంచి కొడుకులు గుమ్మం తుడవనిస్తే ఒట్టు.

వాళ్ళకున్నది ఒక పాక, ఒక గేదె, దానికి అప్పుడే పుట్టిన దూడ. పాక వెనక కంచె. కంచె అవతల విశాఖపట్నం పెద్దమనుషులు గోల్ఫ్ ఆడే పచ్చటి మైదానం. ఎండలు ముదిరితే ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా గడ్డిపరక దొరకదు. మేత లేకపోతే గేదెనీ దూడనీ సంతకి తోలాల్సిందే. ఆ మాట వచ్చినప్పుడల్లా పైడయ్యకి ఏడుపొచ్చేది. దూడంటే వాడికి అంత ప్రాణం.

ఒకరోజు కంచె దాటి తెల్లబంతి ఒకటి వచ్చి కుడితి గోలెంలో పడింది. పైడయ్య దాన్ని తీసి నేలమీద పెట్టి, గేదెని తోలే కర్రతో ఒక్కటిచ్చాడు. అంతే! బంతి ఆకాశానికి లేచి, ఎక్కడో దూరాన ఉన్న జెండా పక్కన దిగింది.

అది చూసి దక్షిణామూర్తి మాస్టారు పరిగెత్తుకొచ్చారు. గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఒంట్లో బలం రావడానికి కసరత్తు చేయించడం ఆయన పని.

"ఒరే అబ్బాయ్, ఉగాది మర్నాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఇక్కడ పోటీ పెడుతున్నాం. గెలిచినవాడు ఏడాదంతా ఈ మైదానంలో గడ్డి కోసుకోవచ్చు. నాలుగు నెలలుంది. నిన్ను నేను తయారు చేస్తాను. కానీ నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత తెలివి వాడకూడదు."

"అదే కష్టం బావూ," అంది నూకాలమ్మ. "ఉన్న తెలివిని ఎక్కడ దాసీమంటారు?"

మాస్టారు మొదటి పాఠం చెప్పారు. "రోజూ బరువెత్తు. నిన్నటి కంటే ఇవాళ కొంచెం ఎక్కువ. అలా రోజూ కొంచెం కొంచెం పెంచు."

అన్నదమ్ములు కూర్చుని ఆలోచించారు. "రాయి పెరగదు," అన్నాడు అసిరయ్య. "బస్తా అసలు పెరగదు," అన్నాడు బంగారయ్య. "మరి రోజూ కొంచెం కొంచెం పెరిగేది ఏటున్నాదిరా?" అన్నాడు పైడయ్య. ముగ్గురూ ఒక్కసారే దూడకేసి చూశారు. ఇంకేముంది, ఆ రోజు నుంచి పైడయ్య దూడని భుజాన వేసుకుని పాక చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు దూడకి పారుడు పట్టుకుని ఒక్క పూటలో చిక్కిపోయింది. "అయ్‌బాబోయ్, నిన్నటి కంటే తగ్గిపోనాది! మేస్టారి మాట తప్పిపోతాం," అని గోల పెట్టారు. అందుకని నూకాలమ్మ దూడ మీదెక్కి కూర్చుంది. మర్నాడు ఇంకొంచెం పెరగాలి కదా? నూకాలమ్మ ఒళ్ళో గంజికుండ పెట్టారు. వారం తిరిగేసరికి పైడయ్య మీద దూడ, దూడ మీద అమ్మ, అమ్మ నెత్తిన తిరగలి. దేవుడి ఊరేగింపు కాబోలనుకుని ఎవరో ఎదురొచ్చి కొబ్బరికాయ కూడా కొట్టారు. నూకాలమ్మ పైనుంచే దీవించింది.

రెండో పాఠం. "కర్ర తిప్పేటప్పుడు నడుం తిరగాలి, భుజాలు తిరగాలి. తల మాత్రం కదలకూడదు."

బంగారయ్య కొబ్బరితాడు తెచ్చి అన్న జుట్టుని పాకని మోసే నిట్రాటకి కట్టేశాడు. "ఇంక ఎలా కదులుద్దో నానూ సూత్తాను!" పైడయ్య బలం కొద్దీ కర్ర తిప్పాడు. తల కదల్లేదు. నిట్రాటే కదిలింది. అంతే, పాకంతా కూలి నలుగురి మీదా పడింది.

తాటాకుల కింద నుంచి నూకాలమ్మ అడిగింది. "ఒరే, తల కదిలిందేటి?"

"నేదమ్మా!"

"శభాష్ నాయనా!"

పోటీకి ముందురోజు మాస్టారు ఆఖరి పాఠం చెప్పారు. "ఇవాళ నువ్వు ఏ పనీ చెయ్యొద్దు. అలా పడుకో. ఏ పనున్నా తమ్ముళ్ళు చేస్తారు."

నూకాలమ్మ కోడికూర వండింది. పైడయ్య చెయ్యి చాపబోతే అసిరయ్య ఆపేశాడు. "అన్నం కలపడం పని. నమలడం అంతకంటే పెద్ద పని. నువ్వుండన్నా." తమ్ముళ్ళిద్దరూ నడుం కట్టి అన్న వాటా తినిపెట్టారు.

"రుసి ఎలాగున్నాదిరా?" అని మంచం మీంచి దీనంగా అడిగాడు పైడయ్య.

"బాగున్నాదన్నా. ఇంకో రెండు ముక్కలు తింటే నీకు బలం వచ్చీస్తాది."

తెల్లారింది. మైదానం నిండా జనం. మైకులో ఒకాయన చెప్పాడు. "అందరికంటే తక్కువ దెబ్బల్లో బంతిని ఆ జెండా దగ్గర కన్నంలో వేసినవాడిదే గెలుపు!" ఒకడు పదిహేను కొట్టాడు, ఒకడు పన్నెండు. కొత్తపాలెం సన్యాసినాయుడు ఏడింట్లో వేశాడు. ఇక మిగిలింది పైడయ్యే.

"ఆరు కొడితే చాలురా," అన్నారు మాస్టారు. "నీ బలానికి మూడు చాలు!"

తల్లీకొడుకులు తలలు దగ్గర పెట్టారు. "ఏడు కంటే ఆరు తక్కువ." "ఆరు కంటే మూడు తక్కువ." "మూడు కంటే ఒకటి తక్కువ." "మరి ఒకటి కంటే?" అంది నూకాలమ్మ. ముగ్గురు కొడుకులూ ఆ ఒక్క వేలూ మడిచి చూసుకున్నారు. తర్వాత నలుగురి మొహాలూ వెలిగిపోయాయి.

పైడయ్య బంతి ముందు నిలబడ్డాడు. నడుం తిరిగింది, భుజాలు తిరిగాయి, తల కదల్లేదు. మాస్టారు ఊపిరి బిగబట్టారు. పైడయ్య కర్రని మెల్లగా పక్కన పడేసి, వంగి బంతిని తీసి జేబులో వేసుకుని, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి కన్నంలో జారవిడిచాడు.

"సున్నా దెబ్బలు!" అని అసిరయ్య, బంగారయ్య గెంతులేశారు.

"కొట్టాలిరా బాబూ, కొట్టాలి!" అని మాస్టారు జుట్టు పీక్కున్నారు.

"ఎలా కొడతాను మేస్టారూ? కొడితే ఒకటైపోద్ది!"

గడ్డి సన్యాసినాయుడికే ఇచ్చారు. "సున్నా కంటే తక్కువ ఎవుడు కొట్టాడో సూపించండి!" అని నూకాలమ్మ గంటసేపు మైకాయనతో పోట్లాడింది. పైడయ్య మాత్రం ఇంటికెళ్ళి దూడ మెడ కావలించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు కంచె దాటి వినిపించి సన్యాసినాయుడి మనసు కరిగిపోయింది. "ఊరుకోరా. రోజూ సాయంత్రం వచ్చి నువ్వు మోయగలిగినంత గడ్డి మోసుకుపో," అన్నాడు.

మర్నాడు సాయంత్రం పైడయ్య దూడని భుజాన వేసుకుని మైదానంలోకొచ్చాడు. దింపాడు. కడుపునిండా మేపాడు. మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

మాస్టారు ఎదురొచ్చి, "కోసి మోపు కట్టుకోవచ్చు కదరా!" అన్నారు.

"మోపైతే దారంతా రాలిపోద్ది మేస్టారూ. దూడ కడుపులో పెట్టి మోస్తే ఒక్క పరకా పోదు."

"మరి ఇంటి దగ్గర గేదె ఏం తింటుందిరా?"

పైడయ్యకి విసుగొచ్చింది. చెప్పినాయనే మరిచిపోతే ఎలా? "తొందరపెట్టీకండి. రోజూ కొంచెం కొంచెం పెంచమన్నది మీరే కదేటి? ఇవాళ దూడ. రేపు గేదె."

మర్నాడు గేదె కింద నలిగిపోతున్న పైడయ్యని బయటికి లాగడానికి మాస్టారితో సహా ఊరంతా రావాల్సొచ్చింది. అందరూ కాళ్ళు పట్టుకుని లాగుతుంటే లోపల్నుంచి ఒకటే కేక.

"మెల్లగా లాగండ్రా బావూ! తల కదలకూడదు!"