అడుగు చూడని కుంచం

అనగా అనగా, ఒకే వాగుకి ఎగువన మెరకపురం, దిగువన పల్లపురం. మెరకపురంలో గాదెలు పొంగి గింజలు వీధిలో దొర్లేవి. పల్లపురంలోనో, పొయ్యిలో పిల్లి లేచేది కాదు. పొయ్యి రాజేస్తేగా అది లేవడం.

మెరకరాజు ఏటేటా పల్లపురానికి జొన్నల బళ్ళు తోలించేవాడు. బళ్ళకి ముందు డప్పులు, డప్పులకి ముందు ఆయన్ని పొగిడేవాళ్ళు. తిన్న నోరు కాదనలేదు కదమ్మా, పల్లపురంవాళ్ళు తల వంచుకుని పుచ్చుకునేవాళ్ళు. శేషూ, ఊ కొడుతున్నావా, జారిపోయావా?

ఆ ఊళ్ళో నేతవాళ్ళింటికి కొత్తగా కాపురానికి వచ్చింది నాంచారు. ఇన్నేళ్ళుగా పోస్తూనే ఉంటే ఈ ఊరి కడుపెందుకు నిండదత్తా అని అడిగింది. అత్తగారు నిట్టూర్చి చెప్పిందట: వాగు పారితే పత్తి, పత్తి వడికితే నూలు, నూలు నేస్తే చీర, చీర అమ్మితే కూడు. ఎగువన రాజు కట్ట కట్టాడు, వాగు లేదు. ఎక్కడో పత్తి తెచ్చి చీర నేసినా, వాళ్ళ సంతలో ఒక చీర అమ్మాలంటే గేటు దగ్గర ఇంకో చీర ఇచ్చి పోవాలి. పోనీ కూలికి పోదామంటే, నీ మొగుణ్ణి ఆ గేటు దగ్గరే మెడ పట్టి గెంటారు. మన రాత అంది అత్తగారు. నాంచారు మాత్రం, రాత అయితే బ్రహ్మ రాయాలి గానీ మెరకరాజు రాయడమేమిటనుకుంది.

ఆ ఏడు చుట్టుపక్కల రాజులంతా కూడారు. పేద రాజ్యాలకి అందరికంటే ఎక్కువ మేలు చేసినవాడికి దానచింతామణి అని బిరుదివ్వాలి. మరి మేలుని కొలవడం ఎట్లా? పాత ఆచారం ఒకటుంది. పుచ్చుకునేవాళ్ళ కుంచంలోనే పొయ్యాలి. పుచ్చుకున్న చెయ్యి "నిండింది" అంటేనే లెక్క. అనకపోతే కొండంత పోసినా లెక్క కాదు.

పల్లపురం తరఫున నాంచారు అత్తగారింటి ఇత్తడి కుంచం తీసుకెళ్ళాలన్నారు. ఊరి పెద్దలొచ్చి, ఆ ఒక్క మాట అనేసి రా తల్లీ, అనకపోతే వచ్చే ఏడు బళ్ళు రావు, పిల్లలు మాడిపోతారని బతిమాలారు. అత్తగారూ అదే చెప్పింది. నాంచారు లోపలికెళ్ళింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, కుంచం బోర్లించి, మేకూ రాయీ తీసుకుని అడుగున ఒక చిల్లు పొడిచింది. ఇది కట్టకి. ఇంకోటి పొడిచింది. ఇది చీరకి.

అత్తగారు పరుగెత్తుకొచ్చి, నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుంచమే, నీకు మతిపోయిందా అంది. నాంచారు చిల్లులు దేనివో చెప్పింది. అత్తగారు ఒక్కో చిల్లులో వేలు పెట్టి చూసింది. తర్వాత రాయి అందుకుని, మూడోది తనే పొడిచింది.

"ఇది గేటు దగ్గర నా కొడుకు మెడ మీద పడిన చేతికి. నా చేత్తో పడాలి" అంది.

సభలో నాంచారు కుంచం తెచ్చి, మెరకరాజు జొన్నలు తెచ్చిన పెద్ద ఖాళీ బుట్ట మీదే పెట్టింది. రాజు రెండు చేతులా పోశాడు. కొలతగాడు "లాభం" అన్నాడు. కొలిచేటప్పుడు ఒకటి అనరు కదర్రా, లాభం అంటారు. లాభం అన్నవాడు లాభం దగ్గరే ఆగిపోయాడు. రెండు అనడానికి కుంచం నిండితేగా! రాజు పోస్తున్నాడు, కొలతగాడు లాభం లాభం అంటున్నాడు, పైన పోసింది పోసినట్టే కింద రాజుగారి బుట్టలోకి రాలుతోంది. ఒక బండి అయింది. ఇంకో బండి అయింది. రాజు మొహాన చెమట.

నిండిందని అనవేం అని గద్దించాడు.

"నిండలేదు ప్రభూ" అంది నాంచారు. "పైన పోసిన చెయ్యి మీదే, కింద పట్టిన బుట్టా మీదే. ఈ చిల్లు మీ కట్ట, ఈ చిల్లు మీ సంత, ఈ చిల్లు మీ గేటు. ఎంత పోశారో అందరూ చూశారు. అడుగు ఎవరూ చూడలేదు."

బళ్ళు ఆపేస్తానన్నాడు రాజు. పల్లపురం పెద్దలు వద్దు వద్దని నాంచారుకి చేతులూపారు. నాంచారు అటు చూడకుండా రాజుతోనే అంది.

"ఆపేయండి. కట్టా తీసేయండి. మా కూడు మేం వండుకుంటాం."

మిగతా రాజులు బిరుదు సంగతి మరిచిపోయి, తమ తమ పల్లపురాలవాళ్ళు తెచ్చిన కుంచాల కింద ఏముందో అని మెల్లగా వంగి చూడటం మొదలెట్టారట, గుడ్డు పెట్టిందేమోనని కోడి కింద చూసినట్టు. సభపెద్ద, ముసలాయన, ఆమె నిండిందనేదాకా ఈ కొలత సాగుతూనే ఉంటుంది, బిరుదు ఎవరికీ లేదు అని లేచిపోయాడు.

మెరకరాజుకి బిరుదు కావాలి. పంతం కొద్దీ వెళ్ళి కట్ట తెగ్గొట్టించాడు. అత్తగారు ఒక చిల్లు లక్కతో పూడ్చింది. సంతలో రెండో చీర అడగొద్దన్నాడు, ఇంకోటి పూడింది. గేటు తెరిపించాడు, నాంచారు మొగుడు కూలికెళ్ళి పండగకి తిరిగొచ్చాడు, మూడోదీ పూడింది. వాగు పారింది, పత్తి కాసింది, నూలొచ్చింది, చీరొచ్చింది, పొయ్యిలో పిల్లి లేచి పారిపోయింది.

మరుసటేడు సభలో మెరకరాజు నాలుగు దోసిళ్ళు పోశాడో లేదో, కుంచం అంచు దాటి నెత్తి కట్టింది.

"నిండింది" అంది నాంచారు.

అని ఊరుకోలేదు. మా చీరలమ్మి కొన్న గింజలు మీరూ రుచి చూడండని ఆయన్నీ కుంచం పట్టమంది. రాజు కుంచం తెప్పించుకుని, పట్టబోతూ ఆగి, ముందు బోర్లించి అడుగు తట్టి చూసుకున్నాడట. అత్తా కోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అందుకే నాన్నా, ఎవరైనా నీకు ఇంత పోశామంటే దణ్ణం పెట్టు, కాదనకు. పెట్టి, కుంచం అడుగు చూసుకో. నువ్వు ఎవరికైనా పోసినా సరే, ముందు అడుగే చూడు.

కథేమో కంచి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరదాం. రామ రామ.