చివరి మడికి అందని నీరు

మనసు వెన్నే అయినా ‘పొరపాటు నాది’ అన్న మాట మాత్రం నోట రాని భద్రసేనుడనే రాజు పైడిసీమను ఏలుతుండేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ మొండితనం మొదట్లో మంచే చేసింది. పైడిసీమ పెద్దకాలువ నీళ్లన్నీ ఎగువ ఆసాములే తోడుకునేవారు. దిగువ ఊళ్లవాళ్లు గంజి తాగి బతికేవారు. భద్రసేనుడు గద్దెనెక్కగానే, “చివరి మడి తడిశాకే మొదటి మడికి నీరు” అని చాటింపు వేయించాడు. ఆసాములు కోటకు వచ్చి బతిమాలారు, బెదిరించారు. రాజు చలించలేదు. కాలువ పూడిపోకుండా ప్రతి ఎండాకాలం ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చి పూడిక తీయాలని కూడా కట్టడి చేశాడు. మూడేళ్లలో కాలువ కొసన ఉన్న తుదిపాడులో వరి పండింది. ముసలివాళ్లు వేడి అన్నం ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

అంతలో సముద్రం అవతల శంఖద్వీపంలో రెండు తెగలు కొట్టుకున్నాయి. ఒక తెగ నాయకుడు సాయమడిగాడు. “రెండు నెలల్లో తిరిగొస్తాం” అని భద్రసేనుడు సేనను పంపాడు. రెండు నెలలు నాలుగేళ్లయ్యాయి. సాయమడిగిన నాయకుడు ఎటో పారిపోయాడు. ఓడలు మాత్రం వెళ్తూనే ఉన్నాయి. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత” అని జనం వీధుల్లో బాహాటంగానే అనసాగారు.

మంత్రి గోవర్ధనుడు ఒకనాడు, “ప్రభూ, ఆ దీవిలో మనల్ని ఉండమనేవాళ్లే లేరు. ఇక చాలు” అన్నాడు.

“ఇప్పుడు వెనుదిరిగితే పోయినవాళ్ల ప్రాణాలకు అర్థమేముంటుంది?” అన్నాడు రాజు. పాపం, ఆయనకూ నిద్ర పట్టేది కాదు. కాని పట్టు వదలలేదు. సైన్యం చాలక, ఆ ఎండాకాలం పూడిక తీయడానికి పారలతో వచ్చిన మగవాళ్లనే ఓడలెక్కించాడు.

వానలు పడ్డాయి. రాజధానిలో నిందలు వినలేక, తుదిపాడు వాళ్లయినా తనను దీవిస్తారని భద్రసేనుడు అక్కడికి బయలుదేరాడు. తీరా వెళ్లి చూస్తే కాలువలో నీళ్లు లేవు. మోకాటి లోతు ఒండ్రులో ఒక్క ఆడమనిషి పారతో తవ్వుతోంది. ఆమె పోలమ్మ. భర్త పోయాక మళ్లకు నీళ్లు పంచే నీరటి పని ఆమే చేస్తోంది.

“నీళ్లు ఇక్కడిదాకా ఎందుకు రాలేదమ్మా?” అని రాజు అడిగాడు.

పోలమ్మ నడుం నిటారు చేసి దండం పెట్టింది. “పూడిక తీసే చేతులన్నీ తమరి దీవిలో ఉన్నాయి, మారాజా. నా పెద్దోడు రెండేళ్ల కిందట అక్కడే పోయాడు. చిన్నోణ్ణి ఈ ఏడు పట్టుకెళ్లారు.”

రాజు తల దించుకున్నాడు. “నీ పెద్దకొడుకు చావు వృథా పోకూడదనే నేను యుద్ధం ఆపలేదు.”

“గట్టు తెగి ఒకడు కొట్టుకుపోతే, వాడి కోసమని రెండోవాణ్ణి ఆ గండిలోనే నిలబెడతామా మారాజా? చచ్చినోడికి నేను లెక్క అడగట్లేదు. బతికున్నోణ్ణి ఇచ్చెయ్యండి.”

భద్రసేనుడు గట్టు మీద కూర్చున్నాడు. “పొరపాటు నాదమ్మా” అన్నాడు. ఆ మాట వినడానికి అక్కడ ఆమె, ఇద్దరు భటులు తప్ప ఎవరూ లేరు.

ఓడలన్నీ వెనక్కి వచ్చాయి. పోలమ్మ చిన్నకొడుకు కుంటుతూ ఇల్లు చేరాడు. చాలామంది చేరనే లేదు. ఆ ఏడు దిగువన పైరు చావనే చచ్చింది. జనం కోపం చల్లారలేదు, చల్లారాలని రాజు అడగనూ లేదు. తమ్ముడి కూతురికి గద్దె అప్పగించి తప్పుకున్నాడు. ఆమె నీళ్ల కట్టడిని అలాగే ఉంచింది. ఊరూరా సభ పెట్టి ఒప్పించనిదే ఏ ఇంటి మనిషినీ సముద్రం దాటించకూడదని కొత్త కట్టడి కూడా చేసింది. ఆనాటి నుంచి పైడిసీమ జనం రాజాజ్ఞ వినగానే తలూపడం మాని, ఎందుకని అడగడం నేర్చుకున్నారు.

భద్రసేనుడు మంచివాడా, చెడ్డవాడా అని తుదిపాడులో నేటికీ వాదులాడుకుంటారు. ఒకసారి ఎవరో పోలమ్మనే అడిగారు. ఆమె కొడుక్కి అన్నం వడ్డిస్తూ, “ఈ బువ్వ ఆయన పెట్టిందే. ఆ ఒక్క మాట రెండేళ్ల ముందు అని ఉంటే, నా పెద్దోడూ ఇక్కడ కూర్చుని తినేవాడు” అంది.

నీతి: తప్పు ఒప్పుకోవడానికి జంకేవాడు తాను చేసిన మేలును తన చేతులతోనే పాడుచేసుకుంటాడు. ఆ ఆలస్యానికి శిక్ష మాత్రం ఇతరులు అనుభవిస్తారు.